కత్తెరక్క కొత్త కాలు

మా అమ్మాయికి బళ్ళో రాయించిన పేరు ఒకటుంది గానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ అది వసపిట్ట. ఆ పేరు పెట్టింది మా అత్తగారు. "చిన్నప్పుడు మాటలు రావాలని దీనికి వస నా కోడలు పోసిందో, నేను పోశానో, ఒకళ్ళకి తెలీకుండా ఒకళ్ళం ఇద్దరం పోశామో!" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది ఆవిడ. పొద్దున కళ్ళు తెరిచింది మొదలు ఆ నోటికి తాళం ఉండదు. పళ్ళు తోముకుంటూ కూడా మాట్లాడుతుంది. నురగలోంచి వచ్చే ఆ మాటలు ఇంట్లో నాకొక్కదానికే అర్థమవుతాయి. ప్రతి ఏడాదీ టీచర్లు మార్కుల కింద ఒకే మాట రాసేవాళ్ళు: "తెలివైనది. మాటలు తగ్గించాలి." తెలివి పెరిగిందేమో గానీ మాటలు తగ్గలేదు.

అది పదకొండో తరగతిలోకి వచ్చిన ఏడాది వాళ్ళ బళ్ళో ఒక కొత్త పద్ధతి పెట్టారు. ఆ తరగతి పిల్లలు వారంలో రెండు రోజులు బడికి రానక్కర్లేదు. పని జరిగే చోటుకి వెళ్ళి, ఆ పనివాళ్ళ పక్కన నిలబడి నేర్చుకోవాలి. ఆస్పత్రి, ప్రెస్సు, బస్సు డిపో, బ్యాంకు, రేడియో స్టేషను, ఇలా ఊళ్ళో చాలా చోట్ల ఒప్పుకున్నారట. ఎవరికి ఎక్కడ ఇష్టమో పిల్లలు చెప్పొచ్చు, తేల్చేది మాత్రం సైన్సు టీచరు. మా వసపిట్ట రేడియో అడిగింది. అది కాక ఇంకేం అడుగుతుంది? వారం రోజులు గరిటె పట్టుకుని ఇల్లంతా వార్తలు చదువుతూ తిరిగింది.

తీరా చూస్తే దానికి వచ్చింది రేడియో కాదు. ఆస్పత్రి వెనకాల ఉండే కృత్రిమ అవయవాల వర్క్‌షాపు. అంటే కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళకి కొత్తవి తయారుచేసే చోటు.

అది సంచీ మూలకి విసిరేసి కూర్చుంది. మా అత్తగారు బుగ్గ నొక్కుకుంది. "చదువుకోవడానికి పంపిస్తే కాళ్ళు చెక్కమంటారా?" అంది. నాకూ ఒళ్ళు మండింది. నేను బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుడతాను. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా మిషను మీద వంగి కూర్చునే ఉద్యోగం. నా కూతురైనా చల్లటి గదిలో, శుభ్రమైన బల్ల ముందు కూర్చోవాలని నా ఆశ. మర్నాడు డ్యూటీకి వెళ్ళేముందు నేరుగా బడికి వెళ్ళాను.

సైన్సు టీచరు నా మాట మొత్తం విన్నది. తర్వాత నవ్వింది.

"రేడియో వాళ్ళు మీ అమ్మాయికి ఏం నేర్పుతారమ్మా? మాట్లాడటం దానికి వచ్చుగా. దాని చేతులు ఏం చేయగలవో దానికింకా తెలీదు. నాకూ తెలీదు. చూద్దామని పంపిస్తున్నా."

"అది ఎక్కడికెళ్ళినా మాటలే చెబుతుంది టీచరుగారూ."

"చెప్పనివ్వండి. అక్కడ వినే మనిషి ఒకాయనున్నాడు."

డ్యూటీ టైమవుతోందని ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత జరిగిన సంగతులన్నీ అది ఇంటికొచ్చి పూసగుచ్చినట్టు చెబుతుంటే విన్నవే. అందుకే పక్కనుండి చూసినట్టు చెప్పగలుగుతున్నాను.

వర్క్‌షాపంటే పొడుగాటి హాలు. ఒక వైపు కిటికీలు, కిటికీల కింద బల్లలు. అన్నిటి మీదా సన్నటి తెల్లని దుమ్ము. గోడకి అరలు, అరల్లో రబ్బరు పాదాలు. ఎడమవి ఒక వైపు, కుడివి ఇంకో వైపు, పసిపిల్లలవి పై అరలో. మొదటి రోజు ఆ చిన్న పాదాలు చూసి మా పిల్ల చాలాసేపు మాట్లాడలేదట. "ఎంతసేపు?" అని అడిగింది మా అత్తగారు. "ఊపిరి తీసుకునేంతసేపు నానమ్మా" అంది ఇది.

అక్కడి పెద్ద పనివాణ్ణి అందరూ కాళ్ళ మాస్టారు అంటారు. యాభై దాటిన మనిషి. బట్టతల, చెవుల పైన కాస్త జుట్టు, ఆ జుట్టు నెరిసిందో దుమ్ము పట్టిందో చెప్పడం కష్టమట. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టు పొదుపుగా మాట్లాడతాడట. ఇది వంద ప్రశ్నలు వేస్తే ఆయన "ఊఁ" అంటాడు. అయితే మర్నాడో ఆ మర్నాడో, మనం మర్చిపోయాక, ఆ వందలో ఒకదానికి జవాబు చెబుతాడు. అంటే వంద ప్రశ్నలూ ఆయన విన్నట్టే కదా.

మొదట్లో ఊడవడం, పట్టీలు కత్తిరించడం, ప్లాస్టర్ కలపడం. ప్లాస్టర్ కలపడం అదేదో పిండి కలిపినట్టే అనుకుంది మా పిల్ల. అది చూస్తుండగానే గట్టిపడుతుంది. ఇది బకెట్లో కర్ర తిప్పుతూ వాళ్ళ బస్సులో ఎవరో గొడుగు మర్చిపోయిన కథ చెప్పడం మొదలుపెట్టింది. కథలో గొడుగు దొరికేసరికి బకెట్లో కర్ర కదల్లేదు. మాస్టారు వచ్చి చూసి, "ఇది నువ్వే ఉంచుకో" అన్నాడట. బస్సులో అందరూ చూస్తుండగా ఆ బకెట్టు మోసుకొచ్చింది. మా అత్తగారు దాన్ని గాలికి కొట్టుకునే తలుపుకి అడ్డం పెట్టింది.

రెండోసారి అది కథ ఆపి ప్లాస్టర్ కలిపింది.

నెమ్మదిగా మాస్టారు దానికి అసలు పని చూపించసాగాడు. మోకాలి కింద కాలు పోయినవాళ్ళు వస్తే, మిగిలిన భాగానికి తడిపిన ప్లాస్టర్ పట్టీలు చుట్టి అచ్చు తీస్తారు. అది ఆరాక లోపల ప్లాస్టర్ పోస్తే అచ్చం ఆ కాలిలాంటి దిమ్మ వస్తుంది. ఆ దిమ్మని ఆకురాయితో అరగదీసి, కొన్నిచోట్ల ఇంకొంచెం ప్లాస్టర్ అద్ది, చివరికి దాని మీద వేడిచేసి మెత్తబరిచిన ప్లాస్టిక్కు రేకు కప్పుతారు. కాలు దూరే తొడుగు అలా తయారవుతుంది. దాని కింద గొట్టం, గొట్టం కింద పాదం. ఇది చెబుతుంటే నాకు టక్కున అర్థమైంది. మనిషికి కొలతలు తీసి, కొలతకి కొంచెం అటూ ఇటూ చూసుకుని బట్ట కత్తిరించినట్టే. కొలతకి సరిగ్గా కుట్టిన చొక్కా ఎవరికీ పట్టదు. ఎక్కడ వదలాలో ఎక్కడ బిగించాలో తెలిసినవాడే దర్జీ. ఆ మాట అంటే మా పిల్ల నా వైపు వింతగా చూసింది. "మాస్టారు కూడా ఇదే అన్నాడమ్మా" అంది.

ఆ రోజుల్లోనే వచ్చింది కత్తెరక్క.

ఆవిడకి బజారు చివర జుట్టు కత్తిరించే షాపుంది. ఆడవాళ్ళకీ పిల్లలకీ. చాలా ఏళ్ళ క్రితం రోడ్డు మీద ప్రమాదంలో ఎడమ కాలు మోకాలి కింద పోయింది. వాడుతున్న పాత కాలు అరిగిపోయింది. మధ్యాహ్నమయ్యేసరికి నొప్పి, సాయంత్రానికి పుండు. షాపు ఎవరికైనా ఇచ్చేసి ఇంట్లో కూర్చోవాలా అని కూడా ఆలోచిస్తోందట. "కుర్చీలో కూర్చుని చేసే పనైతే బాగుండేది మాస్టారూ. నా కుర్చీలో ఎప్పుడూ వేరేవాళ్ళే కూర్చుంటారు" అని నవ్వించిందట. మాస్టారు అందరినీ అడిగే ప్రశ్నే ఆవిడనీ అడిగాడు: "రోజూ ఎంత దూరం నడుస్తారు?" ఆవిడ "పెద్దగా నడవను. ఇంటి నుంచి బస్సుకి, బస్సు నుంచి షాపుకి" అంది. అచ్చు తీశారు. మా పిల్ల తడి పట్టీలు అందించింది.

తర్వాత రెండు రోజులకి దిమ్మ ఆరింది. మాస్టారు పొద్దున్నుంచీ దాని మీదే కూర్చుని, అరగదీయాల్సిన చోట అరగదీసి, అద్దాల్సిన చోట అద్ది, మా అమ్మాయిని పిలిచాడు. "పై అంచు మాత్రం నున్నగా చెయ్యి" అని చెప్పి, వార్డులో ఎవరో పిలుస్తున్నారని వెళ్ళాడు.

ఇది అంచు నున్నగా చేసింది. ఎంత చక్కగా వచ్చిందంటే దానికి చెయ్యి ఆగలేదు. కిందకి చూస్తే పక్కన ఒక చోట, ముందు ఒక చోట, రెండు గడ్డలు కనిపించాయి. మాస్టారు తొందరలో వదిలేశాడు కాబోలు, నేను పూర్తి చేసి పెడితే మెచ్చుకుంటాడు అనుకుంది. గీకింది. రుద్దింది. దిమ్మంతా కోడిగుడ్డులా నిగనిగలాడింది.

మాస్టారు వచ్చి దిమ్మ మీద అరచెయ్యి వేసి ఇలా జార్చాడు. మళ్ళీ జార్చాడు.

"ఇక్కడున్నది ఏమైంది?"

"గడ్డలా ఉంటే నున్నగా చేశాను మాస్టారూ."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. తిట్టలేదు. అందుకే దానికి ఇంకా భయం వేసిందట. దాని చెయ్యి పట్టుకుని దాని మోకాలి పక్కనే పెట్టించాడు. "ఇక్కడ ఎముక తగులుతోందా? పైన చర్మం తప్ప ఏం లేదు. తొడుగు దీన్ని ముట్టుకుంటే మంట. అందుకే దిమ్మ మీద అక్కడ గడ్డ పెడతాం. దిమ్మ మీద గడ్డ ఉంటే తొడుగులో గుంట వస్తుంది. ఎముక ఆ గుంటలో దాక్కుంటుంది." ఆయన అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారట.

"మళ్ళీ అద్దలేమా మాస్టారూ?"

"ఎముకల చోట పెన్సిలుతో పెట్టిన గుర్తులు కూడా పోయాయిగా. ఎక్కడ అద్దను? అచ్చు మళ్ళీ తియ్యాలి. ఆవిడ షాపు మూసుకుని మళ్ళీ రావాలి. ఆ సంగతి ఆవిడకి నువ్వే చెప్పు."

ఆ సాయంత్రం మా ఇంట్లో గడియారం చప్పుడు వినబడింది. పిల్ల నోరు విప్పలేదు. మా అత్తగారు నుదురు పట్టుకు చూసి, "జ్వరం లేదే!" అంది. మావారు డ్యూటీ నుంచి వచ్చి, "ఇంట్లో ఎవరూ లేరా?" అని అడిగారు. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాక కట్ట తెగింది. ఏడుస్తూ అంతా చెప్పింది. "నేనింక వెళ్ళను. టీచరుకి చెప్పి మానేస్తాను."

"మానేస్తే మానెయ్యి. ముందు ఆవిడకి చెప్పిరా" అన్నాను.

ఫోను చేస్తే కత్తెరక్క ఎత్తలేదు. చేతిలో కత్తెరున్నవాళ్ళు ఫోనెక్కడ ఎత్తుతారు? మర్నాడు బడి అయ్యాక అది ఒక్కతే బజారుకి వెళ్ళింది.

చిన్న షాపు. గోడ పొడుగునా అద్దం, ముందు ఒక కుర్చీ, నేల మీద మందపాటి రబ్బరు చాప. కుర్చీలో ఒక పిల్ల, ఎదురుచూసే బెంచీ మీద ఆ పిల్ల తల్లి. "కూర్చో తల్లీ, అయిపోయింది" అంది కత్తెరక్క. ఇది బెంచీ చివర కూర్చుంది. నోట్లో సిద్ధం చేసుకున్న మాటలు ఉన్నాయి గానీ చెప్పే వీల్లేదు. కాబట్టి చేసేదేం లేక చూసింది. కత్తెర చకచకా ఆడుతోంది. ఆవిడ ఇటు నుంచి అటు తిరిగినప్పుడల్లా పెదవి ఒక పక్కకి బిగుసుకుంటోంది. కుడి నుంచి ఎడమకి తిరిగితే బిగుసుకోదు. ఎడమ నుంచి కుడికి తిరిగితే బిగుసుకుంటుంది. ప్రతిసారీ అంతే.

వాళ్ళు వెళ్ళిపోయాక ఆవిడ బెంచీ మీద కూలబడి మోకాలి కింద నొక్కుకుంది. మా అమ్మాయి చెప్పేసింది. గడ్డలు, నున్నగా చేయడం, మళ్ళీ రావాల్సి రావడం, అంతా.

కత్తెరక్క దాని ముఖం చూసి పకపకా నవ్వింది. "అంతేనా? నేను పని నేర్చుకునేటప్పుడు ఒక పెద్దావిడ జడ మొదలంటా కత్తిరించేశాను. ఆవిడ జడ కొస సమానంగా చెయ్యమంది, నాకు జడ తీసెయ్యమన్నట్టు వినబడింది. జడ అతికించలేం కదా! నీది నయం, ప్లాస్టర్. వస్తాలే. ఏడవకు."

మా వసపిట్టకి గొంతు తిరిగొచ్చింది. గొంతుతోపాటు ప్రశ్నలూ వచ్చాయి.

"అక్కా, మీకు నొప్పి నడిచేటప్పుడా?"

"నడిస్తే ఏం కాదమ్మా. ఆదివారం పార్కు చుట్టూ తిరిగినా ఏం కాదు. ఇదిగో, ఈ కుర్చీ చుట్టూ తిరిగితేనే. నాలుగడుగుల చోటు. నమ్ముతావా?"

"ఒకసారి నాకు చూపిస్తారా? కుర్చీలో ఎవరో ఉన్నారనుకుని కత్తిరించండి."

ఆవిడకి సరదా వేసినట్టుంది, లేచింది. ఖాళీ కుర్చీలో గాలికి జుట్టు కత్తిరించింది. మా పిల్ల కింద, ఆ జుట్టు తుక్కులోనే, నేలకి చెంప ఆనించినట్టు వంగి ఆవిడ పాదాలు చూసింది. సరిగ్గా అప్పుడే ఒకావిడ షాపులోకి వచ్చి, ఖాళీ కుర్చీకి జుట్టు కత్తిరించడం, కింద ఒక పిల్ల బల్లిలా అతుక్కుపోయి ఉండటం చూసి, వచ్చిన దారినే వెళ్ళబోయిందట. కత్తెరక్క పిలిచి కూర్చోబెట్టింది.

ఇది చూసిందేమిటంటే, ఆవిడ మంచి కాలి మీద తిరిగేటప్పుడు మడమ కాస్త లేస్తుంది, పాదం బొంగరంలా తిరుగుతుంది. పెట్టుడు కాలి మీద తిరిగేటప్పుడు పాదం రబ్బరు చాపకి మేకు కొట్టినట్టు ఉండిపోతుంది. పాదం తిరగదు, మనిషి తిరుగుతుంది. ఆ తిరగడమంతా తొడుగు లోపల, చర్మం మీద జరుగుతుంది.

ఇంటికి జుట్టు తుక్కుతో వచ్చింది. తిండి మానేసి ముందు గదిలో గుండ్రంగా తిరిగింది. ఒకసారి మడమ ఎత్తి, ఒకసారి ఎత్తకుండా. నన్నూ తిప్పింది. మా అత్తగార్నీ తిప్పబోయింది. "నన్ను తిప్పితే నేను పడతాను, అప్పుడు నాకు చేద్దువుగాని కాలు" అందావిడ. మానేస్తానన్న మాట ఎటు పోయిందో నేను అడగలేదు.

వర్క్‌షాపుకి వెళ్ళే రోజు రాగానే బూట్లు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరిగెత్తింది. మాస్టారికి చెప్పింది. చెప్పడమే కాదు, బల్లల మధ్య స్టూలు పెట్టి దాని చుట్టూ తిరిగి చూపించింది. ఆయన చేతిలో ఆకురాయి కింద పెట్టాడు. అడుగుతున్నది వినడమే గానీ ఆయన తిరిగి అడగడం అది ఎప్పుడూ చూళ్ళేదు. ఆ రోజు అడిగాడు. "ఏ వైపు తిరిగినప్పుడు? చాప మీదేనా? మడమ మీద బరువా, ముని వేళ్ళ మీదా?" దేనికి జవాబు తెలిస్తే దానికి చెప్పింది, తెలీనిదానికి తెలీదంది.

"పద, చూద్దాం" అన్నాడు.

ఆ మధ్యాహ్నం గురువూ శిష్యురాలూ కలిసి కత్తెరక్క షాపుకి వెళ్ళారు. ఊరికే నిలబడి చూస్తే ఆవిడ సహజంగా పని చెయ్యదని ఆయన వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడట. "ఏం కత్తిరించమంటారు మాస్టారూ?" అని అడిగింది కత్తెరక్క. "ఉన్నవాటిలో మీకు నచ్చినవి" అన్నాడాయన. చెవుల పైనున్న ఆ కాస్త జుట్టుకీ ఆవిడ కుర్చీ చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో! ఆయన అద్దంలో ఆవిడ భుజాలు చూశాడు, ఇది కింద కూర్చుని పాదాలు చూసింది. బయటికి వచ్చాక మాస్టారు బస్సు దాకా నెమ్మదిగా నడిచాడు. బస్సెక్కేముందు ఒక్క మాట అన్నాడు.

"ఆ గడ్డలు నువ్వు గీకకపోతే నేను ఆవిడకి నడిచే కాలు ఇచ్చేవాణ్ణి. ఆవిడకి కావల్సింది తిరిగే కాలు."

తర్వాత పని కొత్తగా మొదలైంది. కత్తెరక్క వచ్చింది, మళ్ళీ అచ్చు తీశారు. ఈసారి ఎముకలున్న చోట గుర్తులు పెట్టమని పెన్సిలు మా అమ్మాయి చేతికిచ్చాడు మాస్టారు. అది వేలితో తడిమి, ఆవిణ్ణి అడిగి, మళ్ళీ తడిమి పెట్టింది. ఆయన ఒకటి చెరిపి కాస్త పక్కకి జరిపాడు, మిగతావి అలాగే ఉంచాడు. గొట్టంలో తిరిగే కీలు ఒకటి పెట్టాలని నిర్ణయించాడు. మనిషి తిరిగితే అది కాస్త మెలి తిరిగి, వదిలితే మళ్ళీ తన చోటికి వస్తుంది. అలాంటివి ఉన్నాయని ఆయనకి తెలుసు. పరిగెత్తే కుర్రాళ్ళకి పెట్టేవాడట. జుట్టు కత్తిరించే ఆవిడకి పెట్టాలని తోచలేదంతే.

మొదటిసారి తొడిగి చూస్తే ఆ కీలు మరీ వదులైంది. "మాస్టారూ, నేను ఇటు పోతుంటే కాలు అటు పోతానంటోంది" అని బల్ల పట్టుకుంది కత్తెరక్క. బిగించారు. ఎక్కువైంది. మళ్ళీ వదిలారు. అలా సరిచూడటానికి చాలా రోజులే పట్టింది. మధ్యలో మా పిల్లకి ఇంకో సంగతి తోచింది. చెప్పు అడుగున కూడా రబ్బరే, చాపా రబ్బరే, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటున్నాయి కదా అని. చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర నున్నటి తోలు ముక్క తెచ్చి ఆ పాదానికి తొడిగే చెప్పు కింద అతికించారు. తర్వాత ఆవిడ కొత్త కాలితో షాపుకి వెళ్ళి పనిచేసింది. వారం పోయాక ఫోను చేసింది. మాస్టారికి కాదు, మా ఇంటికి. నేనే ఎత్తాను.

"వసపిట్ట వాళ్ళమ్మేనా? సాయంత్రం ఆరయిందండీ, నేనింకా నిలబడే ఉన్నాను. చెబుదామని చేశాను."

కంగారులో నేను "కూర్చోండి, కూర్చోండి" అన్నాను. ఆవిడ ఎంత నవ్విందో!

ఆ ఏడాది చదువు చివర్లో, తల్లిదండ్రులు పిల్లలు పనిచేసిన చోటుకి వచ్చి చూడొచ్చని బడి నుంచి కబురు వచ్చింది. నేను సగం రోజు సెలవు పెట్టాను. మావారికి డ్యూటీ కుదర్లేదు. మా అత్తగారు మాత్రం మంచి చీర కట్టుకుని నాకంటే ముందు గుమ్మంలో నిలబడింది.

ఇన్నాళ్ళూ విన్న హాలు కళ్ళతో చూశాను. సైన్సు టీచరు కూడా వచ్చింది. కిటికీ దగ్గర ఒక కుర్చీ వేసి ఉంది. పక్కన కత్తెరక్క కత్తెరా దువ్వెనా పట్టుకుని నిలబడి ఉంది. మాస్టారు నన్ను చూసి చెయ్యి చూపించాడు. "కూర్చోండమ్మా. చెబితే ఏం తెలుస్తుంది?"

"నా జుట్టు జోలికి మాత్రం రావొద్దు!" అని మా అత్తగారు రెండడుగులు వెనక్కి వేసింది. ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు.

నేను కూర్చున్నాను. ఎదురుగా అద్దం లేదు, అందుకని తల వంచి కిందకే చూశాను. కత్తెరక్క నా చుట్టూ తిరుగుతోంది. నున్నటి చెప్పు నేల మీద సన్నగా జారుతోంది. ఎక్కడా తడబాటు లేదు. ఏది దేవుడిచ్చిన కాలో, ఏది వీళ్ళు చేసిన కాలో తెలీలేదు. ఒకచోట ఆవిడ ఆగి, "ఇక్కడ కాస్త గట్టిగా ఉంది చూడు" అంది. మా అమ్మాయి జేబులోంచి తాళంచెవి లాంటి చిన్న పనిముట్టు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, గొట్టం దగ్గర మర ఒకటి కొంచెం తిప్పింది. తిప్పి, తల ఎత్తకుండా, "తిరగండి" అంది. ఆవిడ తిరిగింది. "ఇంకోసారి." ఇంకోసారి తిరిగింది. "ఇప్పుడు?" "ఇప్పుడు బావుంది."

ఆ కాసేపూ మా వసపిట్ట అన్నవి ఆ మూడు మాటలే. దాని వేళ్ళు నేను చూశాను. గోళ్ళ సందుల్లో తెల్లటి ప్లాస్టర్, చూపుడు వేలి పక్కన ఆకురాయి పట్టి కాసిన కాయ. నాకూ ఆ వేలికే కాయ ఉంది, దారాలు కత్తిరించే కత్తెర పట్టి పట్టి. ఆ చేతులకి పని తెలుసు. ఎక్కడ ఎంత తిప్పాలో, ఎక్కడ ఆపాలో తెలుసు. ఇన్నేళ్ళు అన్నం కలిపి పెట్టింది ఈ చేతులకేనా అనిపించింది. నేను కుర్చీలోనే ఉన్నాను గానీ నా కాళ్ళు నేల మీద లేవు.

మాస్టారు టీచరు వైపు తిరిగి అన్నాడు, "ఇన్నేళ్ళుగా వచ్చినవాళ్ళని నేను ఎంత దూరం నడుస్తారని అడిగేవాణ్ణి. ఇప్పుడు ఇంకోటి కూడా అడుగుతున్నాం. మీ పనేంటి, చేసి చూపించండి అని. ఆ ప్రశ్న మీ పిల్లది." అంత చెప్పి, మాటలు అయిపోయినట్టు బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

టీచరు నా వైపు చూసి నవ్వి ఊరుకుంది. మా అత్తగారు మాత్రం ఊరుకోలేదు. "మా మనవరాలు. మా పోలిక" అని అక్కడున్న అందరికీ, ఒకరిద్దరికి రెండుసార్లు, చెప్పింది.

సెలవులిచ్చాక కూడా అది వర్క్‌షాపుకి వెళ్తానంది. బడి వాళ్ళూ మాస్టారూ సరేనన్నారు. ఇప్పుడు ఆ హాల్లో రోజూ ఒక నాటకం జరుగుతుందట. తాపీ మేస్త్రీ వస్తే ఉత్త గోడకి సిమెంటు పూస్తాడు. లారీ డ్రైవరు స్టూలు మీద కూర్చుని క్లచ్చు తొక్కుతాడు. బడి పంతులొకాయన పిల్లల్ని తిట్టుకుంటూ బల్లల మధ్య తిరిగి చూపించాడట. మా పిల్ల నేల మీద కూర్చుని పాదాలు చూస్తుంది, మాస్టారు భుజాలు చూస్తాడు.

ఒకరోజు ఒక తాతగారు వచ్చాడు. కొత్తగా కాలు పోయింది. "మీ పనేంటి తాతగారూ?" అని అడిగితే, "నాకేం పనమ్మా, రిటైరయ్యాను" అన్నాడు. ఇది వదల్లేదు. అడగ్గా అడగ్గా చివరికి, "మనవడుంటాడు. ఏడాది వాడు. వాణ్ణెత్తుకుని గుమ్మం దాకా వెళ్ళేవాణ్ణి" అన్నాడు. మా అమ్మాయి వెళ్ళి, మనవడంత బరువుండేలా చిన్న సంచీలో ప్లాస్టర్ నింపి తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన సరిచూడటానికి తొడిగిన కాలితో, పట్టుకుని నడిచే రెండు కడ్డీల మధ్య నిలబడి ఆ సంచీని భుజాన వేసుకున్నాడు. వేసుకోగానే ఇంకో చేత్తో దాని వీపు నిమరడం మొదలుపెట్టాడట. ఎవరూ చెప్పలేదు, అలవాటు. ఆ నిమిరే చెయ్యి ఖాళీగా లేదు కాబట్టి ఆయన దేన్నీ పట్టుకోలేడని, అందుకే కాలు ఇంకాస్త నిలకడగా ఉండాలని మాస్టారు లెక్క వేసుకున్నాడు.

ఈ సంగతి నేను మా ఫ్యాక్టరీలో మధ్యాహ్నం తిండి బల్ల దగ్గర చెబితే అందరూ చేతులు ఆపి విన్నారు. కాలర్ల సెక్షనే కాదు, బొత్తాల సెక్షను వాళ్ళు కూడా బెంచీలు జరుపుకుని వచ్చారు. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతి అడిగింది, "అక్కా, మీ అమ్మాయి డాక్టరా?"

"కాదమ్మా, కాళ్ళు చేస్తుంది" అన్నాను. అందరికీ వినబడేలాగే అన్నాను. "ఇంకా బడిలోనే ఉంది. లెక్కల్లో కాస్త వెనక."